మూడేళ్లని చెప్పాను

మొన్నీమధ్య బడిలో ఆటల పీరియడ్ నడుస్తుండగా ఫోన్ మోగింది. ఆటల పీరియడ్ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. సుల్తానాబాద్‌లో నేను పనిచేసే ప్రైవేటు బడికి గ్రౌండు లేదు, సిమెంటు వాకిలి ఉంది. బస్సులు ఆగేదీ, ప్రార్థన జరిగేదీ, నేను ఫుట్‌బాల్ నేర్పేదీ అక్కడే. బంతిని గట్టిగా తన్నితే ప్రిన్సిపాల్ గది అద్దానికి తగులుతుంది కాబట్టి, తన్నకుండా ఆడే ఫుట్‌బాల్ ఒకటి కనిపెట్టి అదే నేర్పుతున్నాను. నా ఉద్యోగం అంతవరకే.

ఫోన్‌లో ఒక ఫోటో వచ్చింది. మందపాటి కోటు వేసుకున్న మనిషి, ఏదో దేశంలో ఏదో గ్రౌండు అంచున, బూట్లు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక కొండలు, వాటి మీద మంచు. జపానువాడు. ఒకప్పుడు నాతో ఒకే గదిలో ఉన్నవాడు. కింద రెండే ముక్కలు రాశాడు: ఇవాళ్టితో ఆట ఆపేశాను. మీ నాన్నగారు ఎలా ఉన్నారు?

మొదటి ముక్కకు జవాబు తేలికే. రెండో ముక్కకు నాలుగు రోజులు జవాబు రాయలేకపోయాను.

మా ఇద్దరిదీ మైదానంలో ఒకటే చోటు. వెనకవాళ్ల దగ్గర బంతి తీసుకుని ముందువాళ్లకు అందించే చోటు. గోల్ కొట్టినవాడి పేరు పేపర్లో వస్తుంది, గోల్ ఆపినవాడి ఫోటో అప్పుడప్పుడైనా వస్తుంది. మధ్యలోవాడి గురించి ఎవరూ ఏమీ రాయరు. నేను బెల్లంపల్లి బొగ్గుబాయి జట్టులో మొదలుపెట్టి హైదరాబాద్, గోవా, కేరళ తిరిగి, చివరికి ఈశాన్యంలో ఒక కొండల ఊరి క్లబ్బుకు చేరాను. అక్కడ రెండేళ్లు ఆ చోటు నాది. మూడో ఏడు అతన్ని తెచ్చి నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. అక్కడితో ఆగకుండా ఇద్దరినీ ఒకే గదిలో పడేశారు. సవతులిద్దరికీ ఒకటే వంటిల్లు ఇచ్చినట్టయింది.

మొదటి నెల అతనితో మాట్లాడలేదు. అతనికది కొత్తేమీ కాదు. పద్దెనిమిదేళ్లకు సొంత దేశంలో ఒక చిన్న క్లబ్బులో చేరితే, నాలుగేళ్లకు వాళ్లు వద్దన్నారు. ఇంటికి వెళ్లి తండ్రి చేపల దుకాణంలో కూర్చోకుండా సింగపూర్ వెళ్లాడు. అక్కడ ఒక సీజను. తర్వాత థాయిలాండ్, ఆ తర్వాత ఐరోపాలో పేరు పలకడానికి నాకు నోరు తిరగని ఒక చలి దేశం. అక్కడ మొదటి రోజే మంచులో కాలు జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. ఆపైన మంగోలియా, ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియాలో ఒక గనుల ఊరు, మళ్లీ థాయిలాండ్, ఇంకా ఏవేవో. మాది పదకొండో దేశం. ఎక్కడా ఏడాది నిండా లేడు. మామిడి పూత చూసిన ఊళ్లో కాయ చూడకుండానే పెట్టె సర్దే బతుకు. ప్రతి జట్టులో ఒక విదేశీయుడు ఆసియావాడై ఉండాలని అప్పట్లో ఒక నిబంధన ఉండేది. ఆ ఒక్క కుర్చీ మీద ఇన్ని దేశాలు తిరిగాడు. కుర్చీ ఎక్కడ ఖాళీ అయితే అక్కడికి వెళ్లేవాడు.

రెండు సంచులతో వచ్చాడు. ఒకదాంట్లో బట్టలు, ఇంకోదాంట్లో బూట్లు, బూట్ల మధ్య చిన్న రైస్ కుక్కర్. ఏ దేశం వెళ్లినా ఓ ఇరవై మాటలు నేర్చుకునేవాడు. మిగతాదంతా చేతులతో నడిపించేవాడు. ఇంగ్లిష్ నాకెంత వచ్చో అతనికీ అంతే వచ్చు. నేను ఇంటికి ఫోన్ చేస్తుంటే విని, ఒక రోజు పొద్దున్నే నన్ను "తిన్నవా" అని అడిగాడు. ఎంత కోపమున్నా ఆ మాట తెలుగులో అడిగినవాడితో ఎన్నాళ్లని మొహం తిప్పుకుంటాం. తిన్నానని చెప్పాను. ఆ రోజు నుంచి ప్రాక్టీసులో నా పక్కన నిలబడి నేర్పడం మొదలుపెట్టాడు. బంతి కాలికి తగలగానే వదిలించుకునే అలవాటు నాది. వెనక నుంచి "జర ఆగు, జర ఆగు" అని కేకేసేవాడు. ఒక్క క్షణం ఆగితే ఎదుటివాడు తన మీదికి తానే పడతాడు, అప్పుడు దారి దొరుకుతుంది. పదిహేనేళ్లు ఆడినా ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. చెప్పినవాడు నా చోటు లాక్కున్నవాడు.

గ్రౌండులోకి దిగేముందు, పైకొచ్చేటప్పుడు గ్రౌండుకు వంగి దండం పెట్టేవాడు. వానకు బురదగుంటయిన రోజు కూడా పెట్టేవాడు. నాటకాలనుకునేవాణ్ణి.

ఆ ఏడు మే నెలలో సీజను ముగిసింది. అతని ఒప్పందమూ ముగిసింది. తర్వాత ఏ దేశమో ఏజెంటు ఇంకా చెప్పలేదు. ఇంటికి వెళితే తల్లి మొదట అడిగే మాట మళ్లీ ఎప్పుడు వెళతావని, అందుకే వెళ్లబుద్ధి కావడం లేదన్నాడు. మా ఊరు వస్తానన్నాడు. మా ఊళ్లో బొగ్గు, ఎండ తప్ప ఏమీ లేవని చెప్పాను. ఆస్ట్రేలియాలో అలాంటి ఊరికే ఆడానన్నాడు. మూడు రైళ్లు మారి బెల్లంపల్లిలో దిగాం.

మా బాపు బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. ముప్పై ఏళ్ల పైచిలుకు ఆ పనే చేశాడు. కింద మిషన్ల మోతలో నోటిమాట వినిపించదు. అంతా చేతులే, తలకున్న లైటే. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. మంచినీళ్లకు ఒక సైగ, చాయ్‌కి ఒక సైగ. "ఈ మొగునితోటి కాపురం చేసుడంటె మూగోనితోటి చేసినట్టే" అని అవ్వ విసుక్కునేది. అలాంటి మనిషికీ, చేతులతో పదకొండు దేశాలు దాటినవాడికీ గంటలో జత కుదిరింది. నన్ను పక్కన పెట్టి ఇద్దరూ ఏవేవో సైగలు చేసుకుని నవ్వుకుంటుంటే నాకు అసూయే కలిగింది. అవ్వ పచ్చిపులుసు పోస్తే మూడుసార్లు పోయించుకున్నాడు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం చూసి, మనోని లెక్కనే ఉన్నడని అవ్వ మురిసిపోయింది.

మర్నాడు పొద్దున మొదటి షిఫ్టుకు వెళుతూ బాపు మమ్మల్ని బాయి గేటు దాకా తీసుకెళ్లాడు. దిగేముందు కార్మికులు నేలను తాకి కళ్లకద్దుకుని పోతారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా నేను పట్టించుకోని సంగతి. అది చూసి అతను గేటు బయటే ఆగి నడుము దాకా వంగాడు. షిఫ్టుకు వెళుతున్న ఒకరిద్దరు ఆగి తిరిగి దండం పెట్టారు. బాపు నా వైపు చూశాడు. నేను సిగ్గుపడ్డాను, ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆ సాయంత్రం ఊరి గ్రౌండులో పాత ఆటగాళ్లం ఆట పెట్టుకున్నాం. బాపు గోడ మీద కూర్చుని చూశాడు. ఇంటికొచ్చాక, జపాన్ సారు ఆటల టింబర్ పని చేస్తున్నడని చెప్పాడు. కప్పు నిలబడ్డంతసేపు టింబర్‌మన్‌ను ఎవ్వలు యాది చెయ్యరట. నేను అదే చోట ఆడతానని ఆయనకు తెలుసు. నా గురించి మాత్రం ఏమీ అనలేదు.

ఇక్కడ మా బొగ్గు ఊళ్ల సంగతి ఒకటి చెప్పాలి. బాయిలో పనిచేసే తండ్రికి ఒళ్లు చెడితే మెడికల్ బోర్డుకు వెళతాడు. డాక్టర్లు అన్‌ఫిట్ అంటే ఆయన ఇంటికొస్తాడు, ఆయన ఉద్యోగం కొడుక్కొస్తుంది. కొడుక్కి ముప్పై ఐదు దాటకూడదు; అప్పటి లెక్క అది. దాటితే ఆ ఉద్యోగం ఎవరికీ రాదు. మా దగ్గర పిల్లనిచ్చేవాళ్లు కూడా ఆ లెక్క చూసుకునే ఇస్తారు. బాపుకు అప్పటికే దమ్ము మొదలైంది, నాలుగడుగులేస్తే ఊపిరి అందేది కాదు. ఎప్పుడు బోర్డుకు పోయినా అన్‌ఫిట్ రాస్తారని బాయి డాక్టరే చెప్పాడు. బాపు వెళ్లలేదు. నేను ఆడుతున్నాను కదా, ఆట అయిపోయి ఇంటికొచ్చాక వెళదామని ఉద్యోగాన్ని నా కోసం అట్టిపెట్టి దిగుతున్నాడు. నాకు అప్పటికి ముప్పై రెండు నిండాయి. కుడి మోకాలికి ఒకసారి ఆపరేషన్ అయింది. ఆ మోకాలి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, గదిలో పక్క మంచం మీద పడుకున్నవాడికి మాత్రం తెలుసు.

అతను వెళ్లిపోయే రోజు మధ్యాహ్నం క్వార్టర్ వరండాలో కూర్చున్నాం. కూలర్ తడి గాలి కొడుతోంది. బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి నాతో అన్నాడు:

"సారును అడుగు. మావోడు ఇంక ఎన్నేండ్లు ఆడుతడు? ఉన్నదున్నట్టు చెప్పుమను."

నేను అడిగాను. ప్రశ్న మాత్రం మార్చలేదు, అంతవరకు నా తప్పు లేదు. ఎందుకడుగుతున్నారని అతను అడిగితే ఉద్యోగం సంగతి కూడా చెప్పాను. అతను కాసేపు నా మొహం చూశాడు. నేను అతని మొహమే చూశాను, అందులో ఏమైనా దయ దొరుకుతుందేమోనని. అతనిది దయ చూపే అలవాటు కాదు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో నెమ్మదిగా చెప్పాడు. ఒక్క సీజను. మంచి సీజనే ఆడతాడు. ఆ తర్వాత మోకాలు ఒప్పుకోదు. తండ్రి దగ్గర పని ఉంటే ఇప్పుడే తీసుకుంటే మంచిది, మా నాన్న దుకాణం ఇస్తానన్నప్పుడు నేను తీసుకోలేదు అన్నాడు.

నేను బాపు వైపు తిరిగాను.

"ఇంకో మూడేండ్లు ఆడుతడంటున్నడు బాపు."

మూడని ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. ముప్పై రెండూ మూడూ ముప్పై ఐదు. ఆట పోదు, ఉద్యోగమూ పోదు. అబద్ధం కూడా కొలత పెట్టి కోసినట్టు చెప్పాను. ఆ మూడేళ్లు బాయిలోకి దిగేది ఎవరి ఊపిరితిత్తులో ఆ లెక్కలోకి రాలేదు.

బాపు అతని వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. తర్వాత నవ్వి, "మంచిది. అట్లయితె ఆడనీ" అన్నాడు. లేచి అతని గ్లాసులో ఇంకాస్త చాయ్ పోశాడు. అతను రెండు చేతులా గ్లాసు పట్టుకుని తల వంచాడు.

సాయంత్రం స్టేషన్లో రైలు కోసం నిలబడ్డప్పుడు అతను నాతో ఒక మాట అన్నాడు. మీ నాన్న ధైర్యం గలవాడు, అలాంటి కబురు విని నవ్వాడు. నిజం చెప్పేద్దామనుకున్నాను. అంతలో రైలొచ్చింది. రైలు రాకపోయినా చెప్పేవాణ్ణి కాదులెండి.

అతనికి పన్నెండో దేశం దొరికింది. కొండల ఊళ్లో అతని చోటు మళ్లీ నాకిచ్చారు. ఇప్పుడు చెప్పుకుంటే గొప్పలనుకుంటారు గానీ, ఆ ఒక్క సీజను నేను ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. బంతి కాలికి రాగానే చెవిలో "జర ఆగు" వినిపించేది. ఆగేవాణ్ణి. దారి దొరికేది. ఆటలు ఫోన్లలో వచ్చేవి. షిఫ్టు దిగాక బాపు, ఇంకో నలుగురు తలలైట్లు అప్పగించే లాంప్ రూమ్ దగ్గర ఒకే ఫోన్ మీద వంగి చూసేవాళ్లట. ఏప్రిల్లో ఒక ఆటలో పక్కకు తిరగబోతే మోకాలు తిరగలేదు. ఎవరూ నన్ను తాకలేదు. నేనొక్కడినే గడ్డి మీద కూర్చున్నాను.

రెండో ఏడు ఇంకో క్లబ్బులో బెంచీ మీద గడిచింది. మూడో ఏడు ఏ క్లబ్బూ పిలవలేదు. కేరళలో ఊరూరా ఏడుగురేసి ఆడే పోటీలుంటాయి, వాటిలో సూదులు పొడిపించుకుని ఆడాను. డిసెంబరులో ఒక జట్టు మే దాకా ఉండమంది. ఫిబ్రవరిలో నాకు ముప్పై ఐదు నిండుతాయి. ఎవరికైనా ఇట్టే తెలిసే లెక్క. వారం రోజులు ఆలోచించి సంతకం పెట్టాను. ఇంకో రెండు ఆటలు, ఇంకొక్క ఆట అనుకుంటూ ఉంటే ఫిబ్రవరి వెళ్లిపోయింది. నా ముప్పై ఐదో పుట్టినరోజు బెంచీ మీదే గడిచింది, ఆ రోజు కూడా ఆటలోకి దింపలేదు. బాపు రోజూ ఫోన్ చేసేవాడు. తిన్నవా, కాలు ఎట్లున్నది, ఇవే మాటలు. రమ్మని ఒక్కసారీ అనలేదు. అంటే కోపం తెచ్చుకుని అయినా వచ్చేవాణ్ణేమో.

బాయి మూతపడితే ఆయన్ను పక్క ఊరి బాయికి మార్చారు. బస్సులో పోయి వచ్చి సర్వీసు నిండేదాకా దిగాడు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి బస్తీలో రెండు గదులు తీసుకున్నారు. నేను కరీంనగర్లో రెండు బడులు తిరిగి, చివరికి ఈ సిమెంటు వాకిలికి వచ్చిపడ్డాను.

ఆదివారం పెద్దపల్లిలో రైలెక్కి ఇంటికి వెళ్లాను. అవ్వ సంతకు పోయింది. బాపు గ్రౌండు దాకా నడిచొస్తానంటే వెంట వెళ్లాను. ఇంటి నుంచి గ్రౌండుకు తొమ్మిది కరెంటు స్తంభాలు. పోయినేడు మూడో స్తంభం దగ్గర ఆగేవాడు, ఇప్పుడు ఒక్కో స్తంభానికీ ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా స్తంభాన్ని అరచేత్తో తట్టి, చెవి పెట్టినట్టు నిలబడతాడు. బాయి పైకప్పు గట్టిగా ఉందో లేదో అలా తట్టి చూసేవాళ్లు. గ్రౌండు గోడ చేరేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి. గోడ మీద కూర్చోబెట్టి, ఊపిరి సర్దుకునేదాకా ఆగి, ఫోటో చూపించాను.

ఫోన్ దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. సారు చిక్కిపోయిండన్నాడు. ఏం రాసిండని అడిగాడు. చెప్పాను. నువ్వేం రాసినవని అడిగాడు. ఏం రాయలేదన్నాను. అక్కడితో ఆగిపోవచ్చు. కానీ అన్నేళ్లు మోసి మోసి నాకు విసుగొచ్చింది.

"బాపు, గా దినం నేను అబద్ధం చెప్పిన. సారు మూడేండ్లు అనలే."

"ఎరుకే" అన్నాడు, ఫోటో మీంచి చూపు తిప్పకుండా. "ఒక్క వేలే లేపిండు గదా. బాయిల చేతులు సూసుకుంటనే బతికిన. గా మాత్రం సమజ్ కాదా నాకు."

నేను ఆ రోజు అతని మొహం చూశాను. చెయ్యి చూడలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ చెయ్యి నాకు గుర్తు రాలేదు.

"మరెందుకు ఊకున్నవు?"

"నువ్వు మూడంటివి. నీకు ఆడబుద్ధి అయితున్నదని సమజైంది." మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాడు. "నేను బాయిల దిగేటప్పుడు నీకేం బుద్ధయితున్నదిరా అని నన్నెవ్వలు అడుగలే. ఇంకో మూడేండ్లు దిగితె పోయేదేముంది అనుకున్న."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఆయన మీదే వచ్చింది. ఆ రోజే చెంప పగలగొట్టి ఉంటే, నిజం చెప్పరా అని ఒక్క మాట అని ఉంటే, ఈపాటికి నేను షిఫ్టులకు పోతూ ఆయన్ను తిట్టుకుంటూ ఉండేవాణ్ణి. ఆయన మాత్రం తొమ్మిది స్తంభాలూ ఆగకుండా నడిచేవాడు. నా ఒక్క సీజనుకు ఇది మరీ ఎక్కువ. ఆ మాటే అన్నాను. ఆయన విననట్టే గ్రౌండు వైపు చూశాడు. గడ్డి ఎండిపోయింది, గోల్ కర్ర ఒకటి వంగి ఉంది.

"ఇప్పుడేం రాస్తవు సారుకు?"

"బాగున్నడని రాస్త."

"వద్దు. ఉన్నదున్నట్టు రాయి." ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నాలుగడుగులేస్తె దమ్ము వస్తుంది, స్తంభం కాడ స్తంభం కాడ ఆగుతున్నడని రాయి. ఆయన చెప్పిందే నిజమైంది అని రాయి. మావోడు ఒక్క సీజనే ఆడిండు. మంచిగ ఆడిండు. గా ముచ్చట కూడ రాయి."

నేను రాయడం మొదలుపెట్టాను. నా ఇంగ్లిష్ పెద్దగా బాగుపడలేదు, ఒక్కో మాటకూ వెతుక్కోవలసి వచ్చింది. చివరి రెండు మాటల దగ్గర ఆగిపోతే, బాపు మోచేత్తో పొడిచాడు. అవి కూడా రాశాను. ఈసారి ఏమీ మార్చలేదు. ఆయనకు ఆ అక్షరాలు రావు. పంపేదాకా నా వేలినే చూస్తూ కూర్చున్నాడు.